సఫోక్‌లో పాత ఎస్టేటు గోడ ఒరిగింది, గేటు స్తంభం పగిలింది: కూల్చి కట్టాలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్ళకు కూడా పనికొస్తుంది. ఇంగ్లండులోని సఫోక్‌లో ఒక పాత జమీందారీ ఎస్టేటు గుర్రపుశాలను ఇల్లుగా మార్చి అమ్మితే మీరు కొనుక్కున్నారు. దాంతోపాటు 40 మీటర్ల ఎర్ర ఇటుక గోడ, రెండు గేటు స్తంభాలు మీ వాటాకు వచ్చాయి. గోడ ఎత్తు 9 అడుగులు, మందం 13.5 అంగుళాలు. ఒకచోట పైభాగం 7 సెంటీమీటర్లు బయటికి ఒరిగింది. ఎడమ స్తంభం నిలువునా పగిలింది, దాని నెత్తిన ఉండాల్సిన రాతి గుండు లేదు. బిల్డరేమో “మొత్తం దించేసి సిమెంటుతో కొత్తగా కట్టేద్దాం, 50 ఏళ్ళు చూసుకోనక్కర్లేదు” అన్నాడు. పక్కింటి పెద్దాయనేమో సున్నం తప్ప ఇంకేదీ వాడొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి, పర్మిషన్ కావాలా, అని అడిగారు.

పక్కింటి పెద్దాయన మాట వినండి. బిల్డర్‌కి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి.

నేను 22 ఏళ్ళుగా ఇంగ్లండులో పాత ఇటుక కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. మా తాత గోదావరి జిల్లాలో తాపీ మేస్త్రీ. గానుగలో ఎద్దులు తిప్పిన డంగు సున్నంతో గోడలు కట్టిన తరం ఆయనది. సివిల్ ఇంజినీరింగ్ చదివి ఇక్కడికి వచ్చాక, నార్‌ఫక్‌లో ఒక తోట గోడ సందులోంచి రాలిన పాత సున్నాన్ని చేతిలో నలిపి చూశాను. చిన్నప్పుడు తాత చేతుల్లో చూసిన పదార్థమే. ఊళ్ళు వేరు, ఇసుక వేరు, పని ఒకటే. అప్పటినుంచి ఈ గోడలంటే నాకు మమకారం. అందుకే మీకు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మొదట పర్మిషన్ సంగతి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే వెనక్కి తీసుకోలేం. ఎస్టేటులోని పెద్ద భవంతి గ్రేడ్ 2 స్టార్ లిస్టెడ్ అని రాశారు, అంటే చట్ట రక్షణ ఉన్న పాత కట్టడాల జాబితాలో పైనుంచి రెండో స్థాయి. మీ గోడ పేరు ఆ జాబితాలో విడిగా లేకపోయినా సరే, అది ఆ భవంతి ఆవరణలో భాగంగా 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్నదైతే, 1990 నాటి లిస్టెడ్ బిల్డింగుల చట్టం ప్రకారం దానికీ అదే రక్షణ వర్తించే అవకాశం ఎక్కువ. ఆస్తి ముక్కలుగా అమ్ముడుపోయినంత మాత్రాన ఆ రక్షణ దానంతటదే పోదు. లిస్టింగ్ జరిగిన నాటికి గోడ, భవంతి ఒకే యజమాని చేతిలో ఉన్నాయా, దేనికి వాడేవారు అన్నవి చూసి తేలుస్తారు. మీ స్థానిక కౌన్సిల్‌లో పాత కట్టడాల సంగతి చూసే కన్జర్వేషన్ ఆఫీసర్ ఉంటారు, ఆయనకో ఆవిడకో ఫొటోలతో మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అనుమతి లేకుండా కూల్చడం క్రిమినల్ నేరం, జైలు శిక్షకూ వీలుంది. ఉన్నదాన్ని ఉన్నట్టుగా, అదే సరుకుతో చేసే చిన్న మరమ్మతుకు చాలాసార్లు అనుమతి అక్కర్లేదంటారు. కానీ ఆ మాట వాళ్ళ నోట రావాలి, మీరు ఊహించుకోకూడదు.

స్తంభాల మీది అలంకారాలను కూడా తేలిగ్గా తీసుకోకండి. వార్విక్‌షైర్‌లో ఐడ్లికోట్ హౌస్ అనే చోట సున్నపురాతి దిమ్మెల మీద 18వ శతాబ్దం నాటి సీసపు కలశాలు రెండు ఉండేవి. 1986లో వాటిని విడిగా లిస్ట్ చేశారు. 2009లో యజమాని వాటిని వేలంలో అమ్మేశారు. తర్వాత కౌన్సిల్‌కి తెలిసి మళ్ళీ పెట్టించమని నోటీసు ఇచ్చింది. ఆ కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. జాబితాలో పేరున్నంత మాత్రాన సరిపోదు, అసలవి ‘కట్టడం’ కిందకు వస్తాయా లేదా తేల్చాలంటూ 2020లో కోర్టు దాన్ని మళ్ళీ విచారణకు పంపింది. అమ్మిన 11 ఏళ్ళకు కూడా తేలలేదు. మీ కుడి స్తంభం మీద మిగిలిన రాతి గుండును దించడానికి ఎవరైనా ముందుకొస్తే ఈ కేసు గుర్తు చేయండి.

ఇక గోడ. నా పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే: పాత గోడ చెడిందంటే నీళ్ళు రాకూడని చోటికి వస్తున్నాయి, లేదా వచ్చిన నీళ్ళు పోలేకపోతున్నాయి. మరమ్మతుకు డబ్బు పెట్టేముందు ఆ దారి కనిపెట్టాలి. దారి మూయకుండా కట్టిన కొత్త గోడ కూడా అలాగే పాడవుతుంది. 50 ఏళ్ళ గ్యారంటీ మాట నేను నమ్మనిది అందుకే.

వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని బయటికి వెళ్ళి గోడ వెంట నడవండి. పైన కోపింగ్ ఎక్కడ పోయిందో చూడండి. కోపింగ్ అంటే గోడ నెత్తిన వాన జారిపోయేలా పరిచిన వరుస. ఇంటికి చూరు ఎలాగో గోడకు అది అలాగ. మీ ఫొటోల్లో అర్ధచంద్రాకారపు ఇటుకలు కనిపిస్తున్నాయి, మూడు నాలుగు చోట్ల లేవు. సరిగ్గా వాటి కిందే ఇటుకలు పెచ్చులూడాయి. గోడ లోపలికి దిగిన నీరు చలికాలంలో గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక ముఖాన్ని లోపలి నుంచి తోసేస్తుంది. ఇది మన ఊళ్ళలో కనిపించని జబ్బు. మన దగ్గర చవుడెక్కి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. ఇక్కడ పలకలు పలకలుగా ఊడుతుంది.

తర్వాత గోడ మొదలు చూడండి. ఒరిగిన చోట లోపలివైపు పూలమడి ఉందని, మట్టి బయటి నేల కంటే 2 అడుగులు ఎత్తుందని రాశారు. నా అనుమానం ముందు దాని మీదే. ఈ గోడను తనంతట తాను నిలబడడానికి కట్టారు, మట్టిని ఆపడానికి కాదు. ఎవరో తరవాతి కాలంలో మడి పోశారు, రోజూ తడుపుతున్నారు. తడిసిన మట్టి బరువు పక్కనుంచి తోస్తోంది. ఆ మట్టిని ఈ వేసవిలోనే గోడకు ఒక మీటరు దూరం దాకా తీయించండి. ఒక్కసారిగా వద్దు, రెండు మూడు మీటర్ల చొప్పున తీయండి. పునాది కంటే లోతుకు మాత్రం తవ్వకండి. ఈ గోడల పునాదులు ఒక్కోసారి అడుగున్నర లోతు కూడా ఉండవు. నాలుగైదు ఇటుక వరుసలు మెట్లుగా వెడల్పు చేసి నేరుగా మట్టి మీద కూర్చోబెడతారు.

7 సెంటీమీటర్ల వాలు గురించి మీరు పడుతున్న టెన్షన్ అర్థమైంది. లెక్క చూద్దాం. గోడ కింది నుంచి పైకి ఒకే తీరుగా ఒరిగితే, పైన 7 సెంటీమీటర్లంటే గోడ బరువు కేంద్రం దాదాపు మూడున్నర సెంటీమీటర్లు జరిగినట్టు. బరువు గీత గోడ మందంలో మధ్య మూడో వంతులో పడితే ఇటుకల మధ్య ఎక్కడా లాగుడు రాదు. 13.5 అంగుళాలంటే సుమారు 34 సెంటీమీటర్లు. అంటే మధ్య నుంచి అటూ ఇటూ 5.7 సెంటీమీటర్ల దాకా వీలుంది. మీ గోడ ఆ హద్దులోనే ఉంది. అయితే గాలి తోపు దీనికి కలుస్తుంది, మీ మట్టి తోపూ కలుస్తుంది. అందుకే వాలు ఎంత అన్నదాని కన్నా, అది పెరుగుతోందా లేదా అన్నది ముఖ్యం. 100 ఏళ్ళ క్రితం ఒరిగి ఆగిపోయిన గోడలు ఈ దేశం నిండా ఉన్నాయి. వాటిని ఎవరూ కూల్చక్కర్లేదు.

పెరుగుతోందో లేదో తెలుసుకోవడం చాలా తేలిక. పగులుకు అటొకటి ఇటొకటి సున్నపు సందుల్లో చిన్న స్టీలు స్క్రూలు బిగించి, వాటి మధ్య దూరాన్ని వెర్నియర్ కాలిపర్‌తో నెలకోసారి కొలిచి రాసుకోండి. వాలుకు పైనుంచి దారానికి గుండు కట్టి వదిలి, కింద దూరం కొలవండి. ఏడాది పూర్తిగా చూడాలి. సఫోక్‌లో చాలా చోట్ల నేల బంకమట్టి. అది ఎండాకాలంలో ముడుచుకుని చలికాలపు తడికి ఉబ్బుతుంది, దాంతో పగులు కూడా తెరుచుకుని మూసుకుంటుంది. మూడు నెలలు చూసి నిర్ణయిస్తే పొరపాటు పడతారు. వాలు పెరుగుతున్నట్టు తేలితే పాత కట్టడాలు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. కేర్ అనే రిజిస్టర్‌లో అలాంటివాళ్ళ పేర్లుంటాయి. మామూలు ఇంజినీర్లు కొందరు కొత్త గోడల లెక్కలు పెట్టి చూసి, భయపడి కూల్చమంటారు. గోడ బజారు వైపు ఒరిగింది, మనుషులు కింద నడుస్తారు కాబట్టి, ఆ ఏడాది పాటు అక్కడ కర్ర దన్నులు పెట్టించడం మంచిది.

సిమెంటు ఎందుకు వద్దో చెప్పాలి. మీ గోడ ఇటుకలు ఫ్యాక్టరీలో కాకుండా బహుశా ఎస్టేటులోనే మట్టి తవ్వి, బట్టీ పేర్చి కాల్చినవి. మెత్తగా ఉంటాయి, నీరు పీలుస్తాయి. వాటి మధ్య సున్నం ఇటుక కంటే మెత్తన. లోపలి చెమ్మ ఆ సున్నపు సందుల్లోంచే బయటికి ఆరిపోతుంది. గోడ కాస్త కదిలినా సున్నం సర్దుకుంటుంది, సన్నని పగుళ్ళయితే తనే మళ్ళీ పూడ్చుకుంటుంది. సందుల్లో సిమెంటు కూరితే ఆ దారి మూసుకుపోతుంది, చెమ్మ ఇటుకలోంచి పోవాల్సి వస్తుంది. ఉప్పు, మంచు రెండూ ఇటుక మీదే పని చేస్తాయి. కొన్నేళ్ళకు ఇటుకలు లోపలికి అరిగిపోయి సిమెంటు గీతలు మాత్రం గూడులా పొడుచుకొచ్చిన గోడలు మీరు చూసే ఉంటారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను పనిచేసిన చోట ఒక తోట గోడకు సిమెంటు పాయింటింగ్ చేశాం, అంటే ఇటుకల సందులు సిమెంటుతో పూడ్చాం. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండింది. మూడు చలికాలాల తర్వాత చూడ్డానికి వెళ్తే గోడ కింద ఎర్రటి ఇటుక పెచ్చులు పోగుపడి ఉన్నాయి. 200 ఏళ్ళు ఏమీ కాని ఇటుకలు అవి. ఆ రోజు పడ్డ బాధ ఇప్పటికీ పోలేదు.

పాత సిమెంటు ఇప్పటికే ఉన్నచోట అది వదులై తేలిగ్గా ఊడివస్తే తీయించండి. ఇటుకకు గట్టిగా అంటుకుని ఊడకపోతే దాన్ని అలాగే వదిలేయండి. గ్రైండర్ మిషన్ మాత్రం గోడ దగ్గరికి రానివ్వకండి. సన్నని సందులో ఆ చక్రం ఒక్క క్షణం పక్కకు జరిగితే ఇటుక అంచు పోతుంది, అది ఇక తిరిగి రాదు. సన్నని ఉలి, సుత్తితోనే, సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు తీయాలి.

సున్నం ఏది అంటారా? మీ గోడ మీద మెత్తని ఇటుకకు ఎన్‌హెచ్‌ఎల్ (నీటితో గట్టిపడే సహజ సున్నం) 2 రకం లేదా నానబెట్టిన సున్నపు ముద్ద చాలు. వాన నేరుగా కొట్టే కోపింగ్‌కు ఎన్‌హెచ్‌ఎల్ 3.5 వాడొచ్చు. ఇసుక సంగతి సున్నం కంటే ముఖ్యం, చాలామంది దాన్ని పట్టించుకోరు. సన్నం నుంచి ముతక దాకా అన్ని సైజుల గింజలూ ఉన్న గరుకు ఇసుక కావాలి. ఒకటే సైజు మెత్తని ఇసుక వాడితే ఎండగానే పగుళ్ళు. రాలిన పాత సున్నం ఒక డబ్బాలో ఏరి ఉంచండి, దాన్ని విశ్లేషించి పాళ్ళు చెప్పే చోట్లున్నాయి. అందులో తెల్లటి సున్నపు గడ్డలు కనిపిస్తే ఇసుకలోనే పచ్చి సున్నం పోసి, నీళ్ళు కొట్టి, ఉడికించి కలిపారన్నమాట. మాది ఎద్దుల గానుగ, వీళ్ళది పార పని.

పని ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు లోపు అయిపోవాలి. 5 డిగ్రీల కంటే చలి పడితే సున్నం గట్టిపడదు, మంచు తగిలితే పాయింటింగ్ రాలిపోతుంది. ముందు గోడ తడపాలి. పని అయ్యాక తడి గోనెపట్టా కప్పి కనీసం వారం పది రోజులు ఆరనివ్వకుండా చూడాలి. మేస్త్రీలు గోనె కప్పకుండా వెళ్ళిపోతుంటే ఆపండి. సున్నం పని పాడయ్యేది ఎక్కువగా అక్కడే. ఇటుక అంచులు అరిగిన చోట సున్నాన్ని ఇటుక ముఖం మీదికి పూయనివ్వకండి, కొంచెం లోపలికే ఆపాలి. లేదంటే సన్నని సందులు లావుగా కనిపించి గోడ ముఖమే మారిపోతుంది.

గోడలో మార్చక తప్పని ఇటుకలు ఎన్నో లెక్కపెట్టి, అన్నే మార్చండి. కొత్త ఇటుక కొనేముందు పాతవి ఒక పదింటిని కొలవండి. ఇప్పటి ఇటుక మందం 65 మిల్లీమీటర్లు, మీది అంతకంటే సన్నంగా ఉండొచ్చు. 1784 నుంచి 1850 దాకా ఇటుకల మీద పన్ను ఉండేది. అమెరికా యుద్ధపు అప్పులు తీర్చడానికి వేశారు. వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్క కాబట్టి కొందరు పెద్ద ఇటుకలు చేయించుకున్నారు, దాంతో 1803లో పెద్దవాటికి రెట్టింపు పన్ను పెట్టారు. అయితే సైజు ఒక్కదాన్నే పట్టుకుని గోడ వయసు తేల్చకండి, ఊరూరికీ కొలత మారేది. చేత్తో అచ్చుపోసిన ఇటుకలు ఇప్పటికీ తయారు చేసేవాళ్ళున్నారు, సైజు, రంగు చెప్తే చేసిస్తారు. ఖరీదే. మీకు కావలసినవి వందా రెండొందలే కాబట్టి భరించొచ్చు.

ఇటుకలు పేర్చిన తీరు కూడా చూసి అలాగే పేర్పించాలి. మీ ఫొటోలో మూడు వరసలు ఇటుక పొడుగు కనిపించేలా, ఒక వరస తల కనిపించేలా ఉంది. దాన్ని ఇంగ్లీష్ గార్డెన్ వాల్ బాండ్ అంటారు. ఒక ఇటుక పొడుగంతే మందమున్న గోడకు రెండు వైపులా ముఖం నున్నగా రావాలంటే అడ్డంగా వేసే ఇటుకలన్నీ ఒకే పొడుగు ఉండాలి. చేత్తో చేసిన ఇటుకల్లో అలాంటివి ఏరడం కష్టం, అందుకని అవి తక్కువ పడేలా ఈ తీరు వాడుకలోకి వచ్చింది.

దక్షిణం ఎండ తగిలే వైపు గోడను దగ్గరగా చూడండి, సందుల్లో వందలకొద్దీ చిన్న చిన్న రంధ్రాలుంటాయి. అవి మేకులు కొట్టిన గుర్తులు. తోటమాలులు పీచ్, ఆప్రికాట్ కొమ్మలను గుడ్డ పేలికలతో, తోలు ముక్కలతో గోడకు కట్టి మేకులు కొట్టేవారు. పగలు ఎండకు వేడెక్కిన ఇటుక రాత్రి ఆ వేడిని కొమ్మలకు ఇచ్చేది. చలిదేశంలో వేడిదేశపు పండు పండించడానికే ఇంత గోడ కట్టారు. కొన్ని ఎస్టేట్లలో అయితే గోడ లోపల పొగ గొట్టాలు పెట్టి, వెనక పొయ్యి మండించి గోడనే వేడి చేసేవారు. వోస్టర్‌షైర్‌లోని క్రూమ్ కోర్ట్‌లో అలాంటి గోడ ఇప్పటికీ ఉంది. మీ గోడలో ఒక భాగం మిగతాదానికంటే మందంగా ఉన్నా, ఊడిన ఇటుక వెనక మసి కనిపించినా, పని ఆపి కన్జర్వేషన్ ఆఫీసర్‌కి చెప్పండి. మేకుల రంధ్రాలను పూడ్చకండి. ఆ తోటలో రోజంతా నిచ్చెన మీద నిలబడి పనిచేసిన మనుషుల గురించి మిగిలిన ఆనవాళ్ళు అవే. భవంతి యజమానుల తైలవర్ణ చిత్రాలు ఎక్కడో ఒకచోట వేలాడుతుంటాయి, వీళ్ళకు అవి కూడా లేవు.

ఐవీ తీగ గురించి అడిగారు. గోడ లోపలికి వేళ్ళు పోనిచోట ఐవీ గోడను ఎండకూ మంచుకూ మరీ గురికాకుండా కాపాడుతుందని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంగ్లిష్ హెరిటేజ్ కోసం చేసిన పరిశోధనలో తేలింది. కాబట్టి ఉన్నదంతా పీకేయకండి. కోపింగ్ మీదికి ఎక్కినదాన్ని కత్తిరించండి. పగుళ్ళలోకి వేళ్ళు దిగిన చోట కింద మొదలు కోసి, ఎండనిచ్చి, ఆ తర్వాత మెల్లగా తీయండి. పచ్చిది లాగితే ఇటుకలు కూడా వస్తాయి. పక్షులు గూడు పెట్టే నెలల్లో అసలు ముట్టొద్దు. గబ్బిలాలు ఉన్న ఆనవాళ్ళుంటే ముందు నిపుణులకు చూపించాలి, వాటికి చట్ట రక్షణ ఉంది.

ఇప్పుడు స్తంభం. పగులు గేటు కీలు ఉన్న ఎత్తులోనే మొదలైందని మీ రెండో ఫొటో చెప్తోంది. కీలు తగిలించే ఇనుప కొక్కేన్ని స్తంభంలో లోతుగా దిగేసి సీసం పోసి బిగించేవారు. నీరు చేరి ఆ ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రాయినీ ఇటుకనీ సులువుగా చీల్చేస్తుంది. దానికి తోడు గేటు బరువు పై కీలును ఎప్పుడూ బయటికి లాగుతూ ఉంటుంది. కాబట్టి ముందు గేటును దించి పక్కన పెట్టండి, అదే సగం వైద్యం. పగిలిన భాగం వరకు ఇటుకలకు నంబర్లు వేసి, ఫొటోలు తీసి విప్పి, ఇనుము బయటికి తీయాలి. తుప్పు గీకి, బాగుంటే పూత వేసి మళ్ళీ వాడొచ్చు. లోపల దాగే భాగానికి స్టెయిన్‌లెస్ స్టీలు అతికించడం మేలు. గేటు మరీ బరువైతే స్తంభం వెనక విడిగా ఒక ఓక్ కర్ర స్తంభం పాతి దానికి వేలాడదీయండి, బయటికి పెద్దగా కనపడదు. ఇలాంటి స్తంభాలు చాలావాటిలో బయట మాత్రమే మంచి ఇటుక, లోపల ముక్కలూ మట్టీ సున్నం కలిపి నింపిన పూడిక. పై రాతి టోపీ సందుల్లోంచి నీరు దిగితే ఆ పూడిక కిందికి జారి పొట్ట ఉబ్బినట్టు అవుతుంది. స్తంభాన్ని వేళ్ళ కణుపులతో తట్టి చూడండి, బోలు శబ్దం వచ్చే చోట పల్చటి సున్నం పోసి నింపే పద్ధతి ఉంది. ఏ ఎత్తులో వచ్చిందో రాసి పెట్టుకోండి.

పోయిన రాతి గుండు చాలాసార్లు దగ్గర్లోనే దొరుకుతుంది. పొదల్లోనో, పాత చెత్త గోతిలోనో, పొరుగు తోటలోనో. ఊరి చర్చి దగ్గర, పాత పోస్టుకార్డుల్లో, కౌంటీ రికార్డ్ ఆఫీసులో ఎస్టేటు ఫొటోల్లో వెతకండి. దొరక్కపోతే కుడివైపు గుండు కొలతలతో అదే రాయిలో చెక్కించొచ్చు, కానీ దానికి అనుమతి అడగాలి. అది ఏ కాలంలో పోయిందో, రెండూ అసలు ఒకేలా ఉండేవో లేదో ఆధారం చూపించమంటారు. నిలబెట్టేటప్పుడు మధ్యలో ఇనుప కడ్డీ వద్దు, స్టెయిన్‌లెస్ స్టీలు కానీ కంచు కానీ వాడాలి. ఎడమ గుండు పడిపోవడానికి కారణం లోపలి ఇనుప కడ్డీ తుప్పు అయ్యే అవకాశం ఉంది, కుడిదాన్ని కూడా నిచ్చెన వేసి ఈ వారమే చూపించండి. దాని కింద రాయిలో సన్నని పగులు, తుప్పు మరక కనిపిస్తే ఆ స్తంభం దగ్గర కారు పెట్టకండి, పిల్లల్ని ఆడనివ్వకండి.

స్తంభం మొదట్లో ఏటవాలుగా ఉన్న రాయిని బిల్డర్ అడ్డంగా ఉందని తీసేస్తానన్నాడని రాశారు. దాన్ని తీయనివ్వకండి. బండి చక్రం స్తంభాన్ని గీరకుండా పెట్టిన రాయి అది. ఇప్పుడు మీ ఇంటికి వచ్చే డెలివరీ వ్యాన్ల నుంచి కూడా స్తంభాన్ని అదే కాపాడుతోంది.

మనిషిని ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు ఆయన చేసిన సున్నం పని ఒకటి చూపించమనండి, అదీ కనీసం రెండు చలికాలాలు గడిచిన పని. మీ గోడలో కనపడని మూల ఒక మీటరు భాగం నమూనాగా చేయించి, ఆరాక చూసి మిగతాది ఒప్పుకోండి. 1877లో విలియం మోరిస్, ఫిలిప్ వెబ్ మొదలుపెట్టిన పాత కట్టడాల రక్షణ సంఘం, స్పాబ్ అంటారు, ఇప్పటికీ ఇంటి యజమానులకు సలహాలిస్తుంది, సున్నం పని మీద ఒకరోజు తరగతులు కూడా పెడుతుంది. మీరే ఒక రోజు వెళ్ళి చేయి పెట్టి చూస్తే, తర్వాత మేస్త్రీ చేసే పని మంచిదో కాదో మీకే తెలుస్తుంది.

ఈ ఏడాదికి మీ పని ఇంతే: గేటు దించడం, మడి మట్టి తీయడం, పోయిన కోపింగ్ ఇటుకలు పెట్టించడం, స్క్రూలు బిగించి కొలవడం, కౌన్సిల్‌కు రాయడం. స్తంభం విప్పే పని అనుమతి వచ్చాక వచ్చే మే నెలలో పెట్టుకోండి. మట్టి తీశాక లోపలివైపు గోడ మొదలు ఫొటోలు, అక్టోబరు దాకా కొలతలు ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను.